పొలుసుల జబ్బు, కీళ్ళవాతము: పంచాయతీ సభ్యులు గుర్తింపవలసిన లక్షణములు

ఖానాపూరు పరిసర గ్రామములలో కీళ్ళనొప్పి యెరుగని ఇల్లు అరుదు. సదర్మాట్ ఆయకట్టు క్రింద వరినాట్లు వేయు చేతులు, చేలలో పసుపు త్రవ్వు చేతులు, ఇంటి అరుగుపై కూర్చుండి ప్రొద్దుగ్రుంకువరకు బీడీలు చుట్టు చేతులు, ఇవన్నియు నొప్పిని ఎరిగినవే. "కష్టము చేసిన ఒళ్ళు, నొయ్యక మానునా?" అని ఊరకుండుట మనకు అలవాటు. పెక్కు నొప్పుల విషయమున ఆ మాట సరిపోవును. రెండు దినములు విశ్రాంతి తీసికొన్నచో అవి తగ్గును. కాని విశ్రాంతితో తగ్గక, విశ్రాంతివలననే హెచ్చు నొప్పి ఒకటి కలదు. అది చర్మపు జబ్బుతో చుట్టరికము కలది. దానిని సకాలమున గుర్తించినచో చేయి నిలుచును. గుర్తింపనిచో వ్రేళ్ళు వంకరలు పోయి, కూడుపెట్టు చేయి కుంటుపడును.

దీనిని వైద్యులు సోరియాటిక్ ఆర్థ్రైటిస్ అందురు. మనము సోరియాసిస్ కీళ్ళవాతము అని చెప్పుకొనవచ్చును. రోగనిర్ణయము చేయుట వైద్యుని పని. అయితే రోగిని వైద్యుని వద్దకు త్రోవ పట్టించువారు ఊరిలోనివారే. అందుచేత దీని గురుతులను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరమని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

సోరియాసిస్ అనగా ఏమి?

మన శరీరమున రోగక్రిములతో పోరాడు రక్షణశక్తి ఒకటి కలదు. ఒక్కొక్కప్పుడు ఆ శక్తి దారి తప్పి స్వశరీరముపైననే తిరుగబడును. కావలి కుక్క ఇంటివారినే కరచినట్లు ఇది జరుగును. చర్మముపై తిరుగబడినపుడు సోరియాసిస్ కలుగును. చర్మపు పైపొర క్రొత్తదగుటకు సామాన్యముగా సుమారు ఒక నెల పట్టును. ఈ జబ్బులో ఆ పని నాలుగైదు దినములలోనే జరుగును. పాతపొర రాలిపోవు వ్యవధి లేక పొరపై పొర పేరుకొని, వెండివలె తెల్లనైన పొలుసులు ఏర్పడును.

మోచేతులు, మోకాళ్ళు, తల, నడుము క్రిందిభాగము దీనికి ముఖ్యస్థానములు. మచ్చ అంచు స్పష్టముగా ఉండును. చర్మము మందమగును. తెల్లని చర్మముపై ఈ మచ్చ ఎఱ్ఱగా కనబడును గాని, మనవంటి చామనచాయ, నలుపు రంగు చర్మముపై ముదురు గోధుమరంగుగనో, ఊదారంగుగనో కనబడవచ్చును. పొలుసు గీరినచో సూదిమొనలవంటి రక్తపు చుక్కలు కనబడుట కలదు. చలికాలమున కొందఱికి హెచ్చును.

ఇది అంటువ్యాధి కాదు. ఒకే పళ్ళెమున భుజించినను, ఒకే దుప్పటి కప్పుకొన్నను, ఒకరి బట్టలు మఱియొకరు కట్టుకొన్నను రాదు. రక్తసంబంధులలో కొందఱికి వచ్చు గుణము కలదే గాని, తాకుటవలన సోకునది కాదు. పంచాయతీ సభ్యులు గ్రామసభలో నిర్భయముగా చెప్పదగిన మొదటి మాట ఇదియే.

పెద్దరోగమను భ్రమ

మన ప్రాంతమున కుష్ఠును పెద్దరోగమని పిలుతురు. పొలుసుల మచ్చను చూచి పెద్దరోగమని భయపడి, రోగిని బావికడకు రానీయక, శుభకార్యములకు పిలువక దూరము పెట్టుట జరుగుచుండును. ఈ భ్రమ మన పల్లెలకే పరిమితము కాదు. ఐరోపాలోని వైద్యులును చిరకాలము రెండు జబ్బులను కలగాపులగము చేసిరి. లండనులో రాబర్టు విల్లన్ అను వైద్యుడు 1808లో సోరియాసిస్‌ను వివరముగా వర్ణించెను. అయినను 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా స్పష్టముగా విడదీయువరకు కుష్ఠుతోడి గందరగోళము తొలగలేదు.

రెండింటికిని గల భేదమును తెలిసికొనుట కష్టము కాదు. కుష్ఠు మచ్చపై సామాన్యముగా స్పర్శ తగ్గును. దూదితో తాకినను తెలియదు. ఆ మచ్చ పాలిపోయియో, రాగిరంగుగనో ఉండును; దళసరి వెండిపొలుసులు ఉండవు. సోరియాసిస్ మచ్చపై స్పర్శ తెలియును, పెక్కుమందికి దురదయు ఉండును. అనుమానము కలిగినచో రెండింటికిని పరీక్ష ఆసుపత్రిలోనే.

ఒకవేళ అది కుష్ఠే అయినను వెలివేయుటకు కారణము కాదు. మనకు పొరుగున ఉన్న నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 1915లోనే కుష్ఠురోగులకై ఆసుపత్రి వెలసినది. నాడు సరియైన మందు లేదు. నేడు బహుళౌషధ చికిత్సతో ఆ వ్యాధి పూర్తిగా నయమగుచున్నది. ఆ మందు ప్రభుత్వాసుపత్రులలో ఉచితము. కుష్ఠును విడాకులకు కారణముగా చూపు నిబంధనను 2019లో చట్టమునుండియే తొలగించిరి. నయమగు వ్యాధికే వెలి తగదన్నచో, అంటని వ్యాధికి వెలి ఎట్లు తగును?

చర్మమునుండి కీళ్ళకు

సోరియాసిస్ కలవారిలో కొందఱికి, కొన్ని లెక్కలలో నూటికి 30 మంది వఱకు, అదే తిరుగుబాటు కీళ్ళపైనను సాగును. ఎముకలకు నరములవంటి గట్టి పట్టీలు అతుకుకొను చోట్లను, కీలు లోపలి పొరను వాపు ఆవరించును. ఇది హెచ్చుగా 30, 50 ఏండ్ల మధ్య, అనగా సంసారభారము మోయు వయస్సున వచ్చును. స్త్రీ పురుషులకు దాదాపు సమానముగా వచ్చును. పిల్లలకును రావచ్చును.

పదిమంది రోగులలో సుమారు ఏడుగురికి ముందు చర్మమున మచ్చలు కలిగి, కొన్ని సంవత్సరముల పిదప కీళ్ళు పట్టుకొనును. కొందఱికి రెండును ఒకేసారి వచ్చును. మఱికొందఱికి కీళ్ళనొప్పి ముందు, మచ్చలు తరువాత. మచ్చలు స్వల్పముగా ఉన్నంతమాత్రమున కీళ్ళకు ముప్పు లేదని తలపరాదు. చెవి వెనుక, బొడ్డులో, తలవెండ్రుకల నడుమ, పిఱుదుల సందున దాగిన చిన్న మచ్చను రోగి స్వయముగా ఎరుగకపోవచ్చును. తలలోని పొలుసును చుండ్రని తలచి ఊరకుండువారు పెక్కుమంది.

ఏడు గురుతులు

ఒకటి, ఉదయపు బిగువు. నిద్ర లేచిన పిదప కీళ్ళు బిగిసి, అరగంటకు పైగా సాగవు. చెంబు పట్టుకొనుటకును, చొక్కా గుండీలు పెట్టుకొనుటకును వ్రేళ్ళు వంగవు. పనిలో పడిన కొలది సడలును. అరిగిన కీళ్ళ నొప్పి దీనికి విరుద్ధము: అది పనితో హెచ్చి విశ్రాంతితో తగ్గును.

రెండు, వ్రేలు మొత్తము ఉబ్బుట. ఒక కణుపు మాత్రము గాక, చేతివ్రేలుగాని కాలివ్రేలుగాని మొదలునుండి కొనవఱకు సమముగా వాచి, బొద్దుగా నిగనిగలాడును. దెబ్బ తగులకయే ఇట్లు వాచినచో ఇది మిక్కిలి ముఖ్యమైన గురుతు.

మూడు, గోళ్ళలో మార్పు. దర్జీ వ్రేలికి తొడుగుకొను అంగుస్తానాపై గుంటలున్నట్లు గోటిపై సూదిగుంటలు ఏర్పడును. గోరు కొననుండి పైకి లేచి విడిపోవును. దళసరియై పొడివలె రాలును. గోటి క్రింద నూనె చుక్క పడినట్లు పసుపుపచ్చని మచ్చ కనబడును. దీనిని పుప్పిగోరని తలచి ఊరకుండుట కలదు.

నాలుగు, మడమ నొప్పి. మడమ వెనుక గల లావుపాటి నరమువద్ద, లేదా అరికాలి క్రింద నొప్పి పుట్టి, తెల్లవారి మొదటి అడుగు మోపుట కష్టమగును.

ఐదు, కీళ్ళవాపు. మోకాలు, చీలమండ, మణికట్టు, వ్రేళ్ళ కణుపులు వాచి వెచ్చగా ఉండును. గోటికి దగ్గఱగా ఉన్న చివరి కణుపు వాచుట దీని ప్రత్యేకత. కుడివైపు వాచిన కీలే ఎడమవైపున కూడ వాచవలెనను నియమము లేదు.

ఆరు, నడుము నొప్పి. తెల్లవారుజామున నొప్పితో మెలకువ వచ్చును. పరుండినచో హెచ్చును, నాలుగడుగులు నడచినచో తగ్గును. ఇట్టి నొప్పి మూడు నెలలకు మించినచో బరువులెత్తుటవలన వచ్చినదని సరిపెట్టుకొనరాదు.

ఏడు, కన్ను ఎఱ్ఱబడుట. నొప్పితో, వెలుతురు చూడలేని స్థితితో కన్ను ఎఱ్ఱనగుట. ఇది కండ్లకలక కాదు. అశ్రద్ధ చేసినచో చూపునకు ప్రమాదము. ఆ దినముననే కంటివైద్యుని చూడవలెను.

వీనితోపాటు కారణము తెలియని అలసట పెక్కుమందికి ఉండును. ఇంటివారు దానిని సోమరితనమని నిందింపరాదు.

ఇతర జబ్బులతో పోలిక

చికున్‌గున్యా 2005 చివరను తలయెత్తి 2006లో అప్పటి ఆంధ్రప్రదేశమున విజృంభించినది. నాడు జ్వరము తగ్గిన పిదపయు నెలల తరబడి కీళ్ళు పట్టుకొని బాధపడినవారు మన గ్రామములలో ఉన్నారు. నాటినుండి ప్రతి కీళ్ళనొప్పిని "గున్యా నొప్పి" యనుట పరిపాటియైనది. గున్యా నొప్పికి ముందు తీవ్రమైన జ్వరము వచ్చును. గోటిగుంటలు, పొలుసులు ఉండవు.

రుమటాయిడ్ అను కీళ్ళవాతము తఱచుగా రెండు చేతుల కణుపులను జంటగా పట్టును. చివరి కణుపును సామాన్యముగా విడుచును. గౌట్ అను జబ్బు తఱచుగా కాలి బొటనవ్రేలిని ఒక్క రాత్రిలో మంటవలె పట్టుకొనును. కరీంనగరు, జగిత్యాల ప్రాంతములలో కనబడు బోదకాలు కీలును గాక కాలినంతటిని ఉబ్బించును. ఈ భేదములు తెలిసియున్నచో రోగి చెప్పు మాటలోని ముఖ్యాంశము మనకు అందును.

ఒక్క రక్తపరీక్షతో ఈ జబ్బు తేలదు. రుమటాయిడ్ పరీక్ష పెక్కుమందికి "లేదు" అనియే వచ్చును. కాగితముపై "లేదు" అని వ్రాసినంతనే జబ్బు లేదని తలచి ఇంటికి పోయి, సంవత్సరములు పోగొట్టుకొన్నవారు ఉందురు. వైద్యుడు చర్మమును, గోళ్ళను, కీళ్ళను కలిపి చూచి, ఎక్స్‌రే మున్నగు పరీక్షలతో నిర్ణయించును. అందుచేత కీళ్ళకై పోయిన రోగి చర్మపు మచ్చను, చర్మమునకై పోయిన రోగి కీళ్ళనొప్పిని దాచక చెప్పవలెను.

ఐదు ప్రశ్నలు

ఇంగ్లాండు దేశపు వైద్యులు 2009లో ఒక చిన్న ప్రశ్నావళిని ప్రకటించిరి. దాని సారము ఇది. సోరియాసిస్ ఉన్నవారిని ఇట్లు అడుగవలెను: ఎన్నడైనను కీలు వాచినదా? కీళ్ళవాతము కలదని వైద్యుడు ఎన్నడైనను చెప్పెనా? గోళ్ళపై గుంటలు కలవా? మడమ నొప్పి కలదా? కారణము లేకయే చేతివ్రేలుగాని కాలివ్రేలుగాని పూర్తిగా వాచి నొప్పి పెట్టినదా? వీనిలో మూడింటికిగాని, అంతకు హెచ్చుగాని "అవును" అను జవాబు వచ్చినచో కీళ్ళవైద్యునికి చూపవలెను. ఈ ప్రశ్నలు అడుగుటకు యంత్రము అక్కఱలేదు, చదువు అక్కఱలేదు. ఆశా కార్యకర్త అడుగవచ్చును, వార్డు సభ్యుడును అడుగవచ్చును.

ఆలస్యము ఎంత హాని చేయును?

ఒక ఉదాహరణను ఊహించుకొందము. బీడీలు చుట్టు ఒక తల్లికి మోచేతిపై చాలకాలముగా పొలుసుమచ్చ కలదు. కుడిచేతి చూపుడువ్రేలు వాచినది. ఆకు కత్తిరించి కత్తిరించి వాచినదని తలచినది. వారము వారము ఊరిలో ఒకరిచే సూది వేయించుకొన్నది. సూది పడిన దినమున నొప్పి మాయమగును. నాలుగు దినములకు మరల వచ్చును. ఏడాది గడచునప్పటికి మూడువ్రేళ్ళు వంగవు. చుట్టు బీడీల లెక్క సగమునకు పడిపోయినది. అప్పుడు పట్టణపు వైద్యుడు చూచి, ఎముక అంచు తినివేయబడినదని చెప్పెను. తినివేయబడిన ఎముక మరల పూర్వపు రూపునకు రాదు.

ఇట్లు జరుగుటకు అంతకాలము కూడ పట్టనక్కఱలేదు. లక్షణములు మొదలైన పిదప ఆరునెలల ఆలస్యమైనను కీళ్ళకు హెచ్చు నష్టము కలుగునని వైద్యులు కనుగొనిరి. మనము ఊరిలో వృథాపుచ్చు ప్రతి నెలకును ఈ లెక్క వర్తించును.

పై ఉదాహరణలోని సూది తఱచుగా స్టిరాయిడు మందై ఉండును. వైద్యుని పర్యవేక్షణ లేక స్టిరాయిడు సూదులు, మాత్రలు వాడి హఠాత్తుగా మానినచో సోరియాసిస్ ఒళ్ళంతయు విజృంభించి, చీముపొక్కులు లేచి ప్రాణముమీదికి రావచ్చును. కావున "నొప్పి సూది"కి అలవాటుపడకుండ జనులను హెచ్చరింపవలెను.

చికిత్స ఉన్నది

ఈ జబ్బు వేరుతో పెరికివేయబడదు. కాని అదుపులో ఉంచు మందులు కలవు. తేలిక నొప్పికి వాపు తగ్గించు మాత్రలు, హెచ్చు జబ్బునకు మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్ వంటి మందులు, అవి చాలనిచో జీవసంబంధమైన క్రొత్త ఇంజక్షనులు వైద్యులు వాడుదురు.

వీనిలో మెథోట్రెక్సేట్ చరిత్ర తెలుగువారికి గర్వకారణము. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వము వహించిరి. ఫోలికామ్లమునకు ప్రతిగా పనిచేయు మందులు అచ్చటనే రూపొందినవి. వానిలో ఒకటగు అమినోప్టెరిన్ పిల్లల రక్తపుకాన్సరుకు ఉపయోగపడినది. సుబ్బారావు గారు 1948లో కీర్తిశేషులైరి. 1951లో అమెరికా వైద్యులు అమినోప్టెరిన్ వలన సోరియాసిస్ మచ్చలు తగ్గుటను గమనించిరి. దాని తరువాతిదగు మెథోట్రెక్సేట్ నేడు లోకమంతటను ఈ రోగులు వాడుచున్న మందు.

అయితే ఆ మందు విషయమున జాగ్రత్త ప్రాణప్రదము. దానిని వారమునకు ఒక్క దినము మాత్రమే తీసికొనవలెను. దినదినము మ్రింగినచో ప్రాణాపాయము. చదువురాని రోగికి ఆ వారము పేరును మందుల సంచిపై ఇంటివారు పెద్దఅక్షరములతో వ్రాసిపెట్టి జ్ఞాపకము చేయవలెను. మందు వాడునంతకాలము సారాయి, కల్లు మానవలెను. కాలేయమునకు, రక్తమునకు పరీక్షలు చేయించుకొనవలెను. గర్భిణులు దీనిని వాడరాదు. బిడ్డలను కనదలచినవారు ముందుగా వైద్యునికి చెప్పవలెను. క్రొత్త ఇంజక్షనులకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. మలేరియాకు వాడు క్లోరోక్విన్ వంటి కొన్ని మందులు పొలుసులను హెచ్చించు అవకాశము కలదు; కావున ఏ జ్వరమునకు పోయినను తమ జబ్బును వైద్యునికి చెప్పవలెను.

పొగత్రాగుట మానుట, శరీరపు బరువు తగ్గించుకొనుట, చర్మమును నూనెతోగాని లేపనముతోగాని మెత్తగా ఉంచుట, కీళ్ళను ప్రతిదినము మెల్లగా కదలించుట రోగి చేతిలోని పనులు. ఈ రోగులకు గుండెజబ్బు, మధుమేహము వచ్చు అవకాశము హెచ్చు కనుక రక్తపు పోటు, చక్కెర పరీక్షలును చేయించుకొనవలెను.

ఎచ్చటికి పోవలెను?

మొదట ఉపకేంద్రము లేదా పల్లె దవాఖాన, ప్రాథమిక ఆరోగ్యకేంద్రము, పిదప ఖానాపూరులోని ప్రభుత్వాసుపత్రి. అచ్చటినుండి నిర్మలు జిల్లా ఆసుపత్రికిగాని, ఆదిలాబాదులోని రాజీవ్ గాంధీ వైద్యవిజ్ఞాన సంస్థకుగాని పంపుదురు. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో కీళ్ళవాతములకు ప్రత్యేక విభాగము కలదు. ఆరోగ్యశ్రీ క్రింద ఏ చికిత్స లభించునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలిసికొనవచ్చును. ఇదివఱకే కీళ్ళు వంగి పనికి దూరమైనవారు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనవచ్చును.

పంచాయతీ చేయదగిన పనులు

ప్రపంచ ఆరోగ్య సభ 2014లో సోరియాసిస్‌ను అంటనిది, బాధాకరమైనది, అంగవైకల్యము కలిగించునది అని గుర్తించి, రోగులపై చూపు వివక్షను తొలగింపవలెనని సభ్యదేశములను కోరినది. ఆ తీర్మానము అమలగు తావు జెనీవా నగరము కాదు. మన ఊరి బావికట్ట, మన ఊరి పెండ్లిపందిరి.

గ్రామసభలో ఒకసారి ఈ ఏడు గురుతులను చదివి వినిపింపుడు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘపు సమావేశమున ఆశా కార్యకర్తకు ఐదు ప్రశ్నలను తెలుపుడు. కుష్ఠు గుర్తింపునకు ఇంటింటికి పోవునపుడు పొలుసుమచ్చలు కనబడినచో కీళ్ళను గూర్చియు అడుగుమని చెప్పుడు. రోగి పేరును మాత్రము సభలో ఎత్తరాదు. ఇంటికి పోయి ఏకాంతమున మాటలాడవలెను. బడిలో పిల్లవానిని వేఱుగా కూర్చుండబెట్టినచో ఉపాధ్యాయునితో మాటలాడవలెను. ఉపాధి పనులలో కీళ్ళు బాగులేనివారికి తేలికపని ఇప్పింపవలెను. అక్టోబరు 29వ తేది ప్రపంచ సోరియాసిస్ దినము. ఆ దినమున వైద్యుని పిలిపించి ఒక శిబిరము జరిపించినను మేలే.

అన్నిటికంటె పెద్దపని ఒకటి కలదు. అది ఖర్చులేనిది. పొలుసుమచ్చ గలవాని ఇంట పంచాయతీ సభ్యుడు కూర్చుండి ఒక గ్లాసు మంచినీరు త్రాగినచో, ఊరిలోని సగము భయము ఆనాడే పోవును. మిగిలిన సగమును వైద్యుడు పోగొట్టును. చేయి చెడకముందే ఆ చేతిని వైద్యుని వద్దకు చేర్చుట మన వంతు.